‘రివర్ వ్యూ’ గదికి పదిహేను వందలు

ఒడిశాలోని రాయగడ వెళ్తే గది చూడకుండా డబ్బు పంపకండి. ‘రివర్ వ్యూ సార్’ అని ఫోన్లో చెబితే నమ్మి 1,500 పంపేశాం. కిటికీ తెరిస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు! నది ఏదయ్యా అంటే డాబా ఎక్కి చూడమన్నాడు కౌంటర్ కుర్రాడు. ఎక్కాం. సెల్ టవర్ కనిపించింది. వేణ్ణీళ్ల బకెట్టుకి 40, రెండో దుప్పటికి 50 విడిగా. 1936 దాకా ఇదంతా విశాఖ జిల్లాయే కాబట్టి ఊళ్లో తెలుగుకి కరువు లేదు. మమ్మల్ని శుభ్రంగా తెలుగులోనే ముంచాడు. బావ అలిగి రాత్రి భోజనం మానేశాడు.

బలరాముడు నాగలితో గీస్తే పుట్టిందంటారు మాకు కనిపించని ఆ నదిని, నాగావళిని. ఆయన ప్రతిష్ఠలని చెప్పే శివాలయాలు ఒడ్డున అయిదు: పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి. ఈసారి మొదటి రెండే అనుకున్నాం.

రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మ దర్శనం, పాయకపాడు పొద్దున్నే అయిపోయాయి. హాతీపథర్‌కి ఆటో రానూపోనూ 250. పడుకున్న ఏనుగుల్లాంటి బండల సందుల్లోంచి నది నురగలు కక్కుతూ దూకుతోంది. కలహండి కొండల్లో పుట్టిన ఏరు. ఇంకా కొండబుద్ధి పోలేదు. చూడ్డానికి పైసా అడగలేదెవరూ. బండలు నున్నగా ఉన్నాయి, చెప్పులతో దిగకండి. బావ దిగి జారాడు.

తిరిగొస్తుంటే ఆటోవాడే (వాళ్ల తాతలది సాలూరట) ఒక పాక దగ్గర ఆపాడు. చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, ఆకులో ఇంత వెదురుకొమ్ముల కూర. ఇద్దరికీ కలిపి 60! కూర పులుపు వాసన మొదట భయపెట్టింది గానీ, రెండో ముద్దకి మాటల్లేవు. నిన్న రాత్రి పస్తున్న బావ మూడుసార్లు వేయించుకున్నాడు. పాకలో వడ్డించే ఆమె మూడోసారి డబ్బు తీసుకోలేదు.

మధ్యాహ్నం రైల్లో పార్వతీపురం. అక్కణ్ణుంచి గుంపకి ఆటో 500, బేరమాడితే తగ్గుతుంది. నారాయణపట్నం వైపు నుంచి వచ్చే జంఝావతి ఇక్కడే నాగావళిలో కలుస్తుంది. ఒడిశాలో ముంపు తగాదా తెగక 2006లో ఆంధ్రావాళ్లు గాలి నింపి లేపే రబ్బరు డ్యామ్ కట్టుకున్నది ఈ జంఝావతి మీదే. శివరాత్రికి గుంప గుళ్లో కాలు పెట్టే చోటుండదట. మేం వెళ్లిన రోజు పూజారి, మేమిద్దరం, నాలుగు గేదెలు. ఇసుకలో కూర్చుని బావ గంటసేపు లేవలేదు. సంగాంలో వేగావతి, సువర్ణముఖి కూడా కలుస్తాయంటే, ‘రేపు పోదామా’ అన్నాడు.

రాత్రి పార్వతీపురంలో 700కి గది. కిటికీ లేదు. ఉందని వాడూ చెప్పలేదు.