ఎఫ్‌డీ రెన్యువల్‌కి పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నారా? బ్యాంకులో ఎత్తు, బరువు అడిగితే అక్కడే ఆపేయండి

కోపంలో రాస్తున్నాను, వరస తప్పితే సర్దుకుని చదువుకోండి. బ్యాంకు పేరు రాయను. మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులు, లోపలికి వెళ్ళగానే "రండమ్మా, కూర్చోండమ్మా" అంటూ నీళ్ళ బాటిల్ చేతికిచ్చే రిలేషన్‌షిప్ మేనేజరు. మీ ఊళ్ళోనూ ఉంటుంది ఒకటి.

అమ్మకి 64. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి పనిచెయ్యదు, మాట ముద్దగా వస్తుంది, ఎవరేం అడిగినా "ఆఁ, అవును బాబూ" అంటుంది. ఎకౌంటు అమ్మ, నేను ఇద్దరి పేరా, ఈదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా నడపచ్చు). 4 లక్షల ఎఫ్‌డీ మెచ్యూర్ అయింది, మళ్ళీ వేద్దామని వెళ్ళాం. సంతకం కుదరదు కాబట్టి వేలిముద్ర. ఆధార్ కాపీ సరిగ్గా పడలేదని నన్ను జిరాక్సుకి పంపించారు. వచ్చేసరికి "అయిపోయింది మేడం, రెండు భాగాలుగా వేశాను, వడ్డీ ఎక్కువ వస్తుంది" అన్నాడు రిలేషన్‌షిప్ మేనేజరు. రసీదు ఒకటే ఇచ్చాడు. రెండోది కొరియర్లో వస్తుందన్నాడు. ఎఫ్‌డీ రసీదు కొరియర్లో రావడమేమిటని అడగని నా తెలివికి వేరే సన్మానం చెయ్యాలి.

జరిగిందేమిటంటే, 2 లక్షలు ఎఫ్‌డీ. మిగతా 2 లక్షలు అమ్మ పేరు మీద జీవిత బీమా పాలసీకి మొదటి ప్రీమియం. ఏడాదికి 2 లక్షల చొప్పున 10 ఏళ్ళు కట్టాలి, మొత్తం 20 లక్షలు. నాన్న ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే మనిషి నెలకి పదహారు వేలపైన ప్రీమియానికే తీసి పక్కన పెట్టాలన్నమాట. ఇంకో ఏడాదో రెండేళ్ళో ఆగితే అమ్మ 65 దాటి ఇలాంటి చాలా పాలసీలకి ఎంట్రీ వయసు అయిపోయేది. టైము చూసి కొట్టారు.

అడగడానికి వెళ్తే అతను కంగారు కూడా పడలేదు. తన ఫోను తీసి నాకొక వీడియో చూపించాడు. పాలసీ ఇచ్చే ముందు చేసే వెరిఫికేషన్ అట. అమ్మ ఫోనుకి లింకు వచ్చింది, ఆమె సంచిలోంచి ఫోను తీసి ఓటీపీ కొట్టుకున్నదీ అతనే. వీడియోలో అమ్మ మొహం కనిపిస్తోంది. "ప్రీమియం 10 ఏళ్ళు కట్టాలని మీకు తెలుసా?" అని ఇంగ్లీషులో రికార్డు గొంతు. పక్కనుంచి మెల్లగా "అవును అనండమ్మా". అమ్మ "అవును బాబూ". "మీకు ఏ అనారోగ్యమూ లేదు కదా?" "అవును బాబూ". ప్రశ్నకీ జవాబుకీ పొంతన లేదు, ఎవరికి కావాలి? ఫోను పట్టుకున్న చెయ్యి అమ్మది కాదు. అమ్మ కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, ఎడంచెయ్యి దాన్ని పట్టుకుని ఉంది, రెండూ ఫ్రేములో స్పష్టంగా కనిపిస్తున్నాయి. అదంతా నాకు చూపించి అతనన్న మాట: "చూడండి మేడం, అమ్మగారు క్లియర్‌గా ఒప్పుకున్నారు. మీరు చదువుకున్నవాళ్ళు, ముందే చూసుకోవాలి కదా."

బ్రాంచి మేనేజరు దగ్గరికెళ్తే ఇంకా ముచ్చట. "ఫ్రీలుక్ పీరియడ్ దాటిపోయింది మేడం, మా చేతుల్లో ఏం లేదు. రెండో ఏడాది కూడా కట్టేస్తే సేఫ్." 2 లక్షలు పోయాయి మొర్రో అంటుంటే ఇంకో 2 లక్షలు కడితే సేఫ్ అట!

ఇక అసలు విషయం. ఫ్రీలుక్ అంటే తీసుకున్న పాలసీని వెనక్కిచ్చేసే గడువు. బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం 30 రోజులు. లెక్క డబ్బు కట్టిన రోజు నుంచి కాదు, పాలసీ డాక్యుమెంటు చేతికి అందిన రోజు నుంచి. ఈ గడువులో రాసిస్తే కవర్ ఉన్న ఆ కొన్నాళ్ళ రిస్క్ ప్రీమియం, మెడికల్ టెస్ట్ చేయించి ఉంటే దాని ఖర్చు, స్టాంప్ డ్యూటీ పట్టుకుని మిగతాదంతా తిరిగి ఇచ్చెయ్యాలి. అందుకే వీళ్ళ పని మొత్తం ఆ 30 రోజుల చుట్టూ తిరుగుతుంది. బాండ్ (పాలసీ డాక్యుమెంటు) బ్రాంచికే వచ్చేలా చేసి "మీ బాండ్ నా దగ్గర భద్రంగా ఉంది మేడం" అని కూర్చోబెడతారు. లేదంటే ఫారంలో మనది కాని ఈమెయిల్ రాస్తారు, ఈ-పాలసీ దానికి వెళ్తుంది, మెయిల్ అందింది కాబట్టి పాలసీ అందినట్టే అని వాదిస్తారు. మాకు చేసింది ఈ రెండోది. అమ్మకి ఈమెయిలే లేదు. ఫారంలో మాత్రం ఆమె పేరుతో శుభ్రంగా ఒక మెయిల్ ఐడీ ఉంది.

పాలసీ కావాలని మన పేరున నింపే ఈ ఫారాన్ని ప్రపోజల్ ఫారం అంటారు, దీని కాపీ పాలసీతో పాటే ఇవ్వాలి, ఇవ్వకపోతే రాసి అడగండి. మీ ఆయుధం అదొక్కటే. "ఎఫ్‌డీ అని చెప్పి మోసం చేశారు" అని పది పేజీలు రాసినా నోటి మాటకి నోటి మాటే, పైన మీ వీడియో ఉందంటారు. ఫారంలో రాసిన అబద్ధాలు మాత్రం వాళ్ళ కాగితం మీదే ఉంటాయి. మాదాంట్లో వృత్తి అన్నచోట వ్యాపారం. వార్షికాదాయం 8 లక్షలు. 2 లక్షల ప్రీమియానికి ఆదాయం సరిపోవాలి కదా, అందుకని అమ్మని వ్యాపారస్తురాలిని చేశారు. ఆరోగ్య ప్రశ్నల్లో పక్షవాతం, బీపీ, ఆస్పత్రిలో చేరడం, అన్నిటికీ "లేదు". ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ దీనికి ముందు తేదీతో ఉంది, ఇప్పుడు అదే మొదటి సాక్ష్యం.

ఈ "లేదు"లో ఇంకో దారుణం ఉంది. అబద్ధం రాసిన పాలసీ బీమాగా కూడా నమ్మడానికి లేదు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మొదటి మూడేళ్ళలో జబ్బు దాచారని తేలితే కంపెనీ క్లెయిం తిరస్కరించవచ్చు. అంటే ఏజెంటు కమిషను కోసం రాసిన అబద్ధానికి రేపు ఆ ఇంటివాళ్ళు దోషులవుతారు.

వేలిముద్ర వేసే వాళ్ళ ఇళ్ళల్లో తప్పకుండా చూడాల్సినది ఇంకోటి. వేలిముద్ర పెట్టినా, తెలుగులో సంతకం పెట్టినా ఫారం చివర ఒక డిక్లరేషన్ ఉంటుంది: ఇందులో ఉన్నదంతా వీరికి తెలిసిన భాషలో వివరించాను, అర్థం చేసుకునే వేశారు అని. వేలిముద్రకి సాక్షిగా ఉండే మనిషి బీమా కంపెనీతో సంబంధం లేనివాడై ఉండాలి. మా ఫారంలో సాక్షి ఎవరనుకున్నారు? ఆ పక్క టేబుల్ అమ్మాయి. ఆ బ్యాంకే ఆ బీమా కంపెనీకి కార్పొరేట్ ఏజెంటు, అంటే కమిషను మీద వాళ్ళ పాలసీలు అమ్మేది, అందులో జీతం తీసుకునే అమ్మాయి "సంబంధం లేని" సాక్షి!

అమ్మానాన్నలకి వయసు మరీ ఎక్కువైతే ఇంకో దారి పడతారు. డబ్బు పెద్దవాళ్ళది, ప్రపోజర్ (పాలసీ తీసుకునేవారు) వాళ్ళే, లైఫ్ అష్యూర్డ్ (ఎవరి ప్రాణానికి బీమానో వారు) అన్నచోట కొడుకు పేరో మనవడి పేరో. ఆ సంతకాలు "కేవైసీ అప్‌డేట్" అని చెప్పి ఇంటికొచ్చి పెట్టించుకుంటారు. ఎఫ్‌డీ కాగితంలో ఎత్తు, బరువు, తల్లిదండ్రులు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారు అనే గడులు ఉండవు. ప్రీమియం, సమ్ అష్యూర్డ్, ప్రపోజర్, బెనిఫిట్ ఇలస్ట్రేషన్, వీటిలో ఏ మాట కనిపించినా అది డిపాజిట్ కాదు. బ్యాంకు లోగో ఉన్నా కాదు. బ్యాంకు పేరే పెట్టుకున్న బీమా కంపెనీ వేరే కంపెనీ.

గడువు దాటిపోయిందంటే సరెండర్ చేసుకోమంటారు, అంటే పాలసీని మధ్యలోనే వదిలేసుకోవడం. తొందరపడి ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. 2024 అక్టోబర్ 1 నుంచి మొదటి ఏడాది ప్రీమియం మొత్తం కట్టి, ఆ ఏడాది పూర్తయితే సాధారణ ఎండోమెంట్ (బీమా, పొదుపు కలిసిన) పాలసీలకి కొంత సరెండర్ విలువ ఇవ్వాలి. కట్టిందానికంటే తక్కువే వస్తుంది. ఏడాది నిండకముందు వచ్చేది సున్నా. పైగా సరెండర్ చేశారంటే పాలసీ మీదేనని ఒప్పుకున్నట్టు మాట్లాడతారు. మనం అడగాల్సింది మిస్-సెల్లింగ్ (అబద్ధాలు చెప్పి అంటగట్టడం) కింద పాలసీ రద్దు, పూర్తి సొమ్ము వాపసు.

ఫిర్యాదు ఒకేసారి రెండు వైపులా పెట్టాలి. బీమా కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్, దాంతో పాటు ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్లో నమోదు (ఫోన్ అయితే 155255). నెలలో జవాబు రాకపోయినా, తిరస్కరించినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి). తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం మూడింటికీ ఆఫీసు హైదరాబాదులోనే. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, పాలసీదారు కదల్లేకపోతే నామినీ గానీ వారసులు గానీ ఇవ్వచ్చు. మన లాంటి వాళ్ళకి ఇదే ముఖ్యం. రెండో వైపు బ్యాంకు: బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వెయ్యం అని వాళ్ళంటే స్పీడ్ పోస్టులో పంపండి. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి సీఎంఎస్ అనే వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్లో వెయ్యాలి, వివరాలకి 14448. ఆ రోజు సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని కూడా ఆ ఉత్తరంలోనే రాయండి, కొన్నాళ్ళకి చెరిపేస్తారు. ఎవరు టేబుల్ దగ్గర ఫోను పట్టుకున్నారో అందులోనే తెలుస్తుంది.

అలాగే వచ్చే ఏడాది ప్రీమియం ఆటోమేటిక్‌గా లాగేసుకునే ఎన్‌ఏసీహెచ్ మ్యాండేట్ మీద కూడా వేలిముద్ర వేయించే ఉంటారు. దాన్ని రద్దు చెయ్యమని ఎకౌంటున్న బ్యాంకుకే రాయండి. బీమా కంపెనీ ఒప్పుకోవాలని తిప్పితే నమ్మకండి, మన ఎకౌంటు మ్యాండేట్ మనం ఆపుకోవచ్చు.

మరి పెద్దవాళ్ళ బ్యాంకు పనులు ఎలా చెయ్యాలి అంటారా? జాయింట్ ఎకౌంటు ఉంటే ఎఫ్‌డీ మీ యాప్‌లోంచి మీరే వెయ్యండి, ఆ కుర్చీలో కూర్చోబెట్టే అవసరమే ఉండదు. వేసిన సాయంత్రమే డిపాజిట్ల పేజీలో నంబరు కనిపించాలి. ఈదర్ ఆర్ సర్వైవర్ ఎఫ్‌డీ అయినా, మెచ్యూరిటీకి ముందు తీసెయ్యాలంటే ఒక్కరి సంతకం చాలని ముందుగా రాసివ్వకపోతే ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఐసీయూ బిల్లు కట్టే రోజున తెలిస్తే లాభం లేదు, డిపాజిట్ వేసేటప్పుడే ఆ సూచన రాయించండి. బ్యాంకులో వేలిముద్రకి ఇద్దరు సాక్షులు, వాళ్ళలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. 70 దాటినవాళ్ళకి ఇంటి దగ్గరే సేవ ఇమ్మని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పింది, అడగండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఇచ్చినవాళ్ళ మతి స్థిమితం పోయిన రోజున అది చెల్లదు, ఆ తర్వాత కోర్టు ద్వారా గార్డియన్‌షిప్పే.

చివరిగా ఒకటి. ఇలాంటి పాలసీ నెత్తిన పడ్డవాళ్ళ నంబర్లు ఎక్కడెక్కడికో వెళ్తాయి. "ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు రిలీజ్ అయింది, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్లొస్తాయి. ఐఆర్‌డీఏఐ ఎవరికీ అలా ఫోను చెయ్యదు. రూపాయి కూడా పంపకండి, ఒకవేళ పంపేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.