30 డాలర్ల డ్రాఫ్ట్ గైడ్‌లో వైడ్ రిసీవర్ల భాగం: కొనొచ్చా?

నేను ఫిలడెల్ఫియా ఈగల్స్ అభిమానిని. ఈ ఒక్క ముక్క చెబితే వైడ్ రిసీవర్ల గురించి చదవడానికి డబ్బులు ఎందుకు తగలేశానో ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, చూసేవాళ్లకి ఇట్టే అర్థమైపోతుంది. చూడనివాళ్ల కోసం చెప్తా. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, దాన్ని పట్టి పరిగెత్తేవాడు వైడ్ రిసీవర్. డ్రాఫ్ట్ అంటే ఏటా జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్. 2020 డ్రాఫ్ట్‌లో మాకు 21వ పిక్ ఉంది, జస్టిన్ జెఫర్సన్ ఇంకా మిగిలే ఉన్నాడు, మావాళ్లు జేలెన్ రేగర్‌ని తీసుకున్నారు. ఆ వెంటనే 22వ పిక్ మిన్నెసోటా వైకింగ్స్‌ది, వాళ్లు జెఫర్సన్‌ని ఎగరేసుకుపోయారు. అతను మొదటి ఏడాదే 1,400 యార్డులు కొట్టాడు, 2022లో 1,809. రేగర్ మా దగ్గర రెండు సీజన్లు ఆడి, రెండూ కలిపి 695. అంతకు ముందు ఏడాదీ ఇదే కథ, రెండో రౌండ్‌లో 57వ పిక్‌తో జేజే అర్సెగా-వైట్‌సైడ్‌ని తీసుకున్నాం, 64వ పిక్‌తో సియాటిల్ సీహాక్స్‌కి డీకే మెట్‌కాఫ్ దొరికాడు. అక్కడితో అయిపోలేదు. 2022 ఆగస్టులో మావాళ్లు అర్సెగా-వైట్‌సైడ్‌ని సియాటిల్‌కే ట్రేడ్ చేశారు, రేగర్‌ని మిన్నెసోటాకే ట్రేడ్ చేశారు. పుండు మీద కారం చల్లడం అంటే ఏంటో ఆ నెలలో తెలిసింది.

అందుకే ఇకనుంచి టీవీలో వాళ్లు చెప్పింది నమ్మకుండా సొంతంగా చదువుకుందామని 2024లోనూ 2025లోనూ ఒక గైడ్ కొన్నాను. పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో తిట్లు కూడా ఉన్నాయి. 30 డాలర్లు, పీడీఎఫ్ ఫైలు, ఏప్రిల్ మొదట్లో మెయిల్‌కి వస్తుంది. అన్ని పొజిషన్లూ ఉంటాయి కానీ నేను రిసీవర్ల భాగం తప్ప మిగతాది తిరగేశానంతే, కాబట్టి దాని గురించే రాస్తున్నా.

మొదటి ఇరవై మందికి తలా ఒక పేజీ. పైన ఎత్తు, బరువు, చేతుల పొడవు, అరచేయి వెడల్పు, 40 యార్డుల పరుగు టైము. కింద రిలీజ్ (ఆట మొదలవగానే ఎదురుగా ఉన్నవాణ్ని తప్పించుకుని పరుగు అందుకోవడం), రూట్లు (ముందే అనుకున్న పరుగు దారులు), చేతులు, పట్టాక పరుగు, బ్లాకింగ్ అని ఐదు పేరాలు. ఆ పైన కుడి మూలలో పెద్ద అక్షరాలతో వందకి ఒక మార్కు. మొదటి ఏడాది నేను ఆ మూలనే చూసుకుంటూ పోయాను, అదే నా తప్పు.

ముందు బాగున్నది చెప్తా. రిలీజ్ పేరా ఒక్కటే ఆ 30 డాలర్లలో సగం విలువ చేస్తుంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో చాలామంది రిసీవర్లకి ఎదురుగా ఉండే కార్నర్, అంటే రిసీవర్‌ని ఆపే డిఫెండర్, కొన్ని యార్డులు వెనక్కే నిలబడతాడు, కుర్రాడు హాయిగా పరుగు అందుకుంటాడు. మైదానం కూడా కలిసొస్తుంది, కాలేజీలో హాష్ మార్కుల (ఆట మొదలయ్యే ముందు బంతి పెట్టే చోటుకి హద్దు గీతల) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు, అంటే బంతి ఒక హాష్ మీద ఉంటే కాలేజీలో అవతలి పక్క బోలెడు ఖాళీ ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వచ్చాక కార్నర్ ముక్కు మీద నిలబడి మొదటి 5 యార్డుల్లో చేతులేసి ఆపుతాడు, అది రూల్ ప్రకారమే. అక్కడ ఒక్క సెకను ఆలస్యమైతే క్వార్టర్‌బ్యాక్ నీ వైపు చూడడం మానేసి ఇంకొకరికి విసిరేస్తాడు. ఎంత స్పీడున్నా ఆ స్పీడ్ మొదలవ్వాలి కదా. ఈ గైడ్ ఏం చేసిందంటే ప్రతి రిసీవర్ చివరి సీజన్‌లో ప్రెస్ కవరేజ్‌ని (ఇలా ముక్కు మీద నిలబడి ఆపడాన్ని) ఎన్నిసార్లు ఎదుర్కొన్నాడో లెక్కపెట్టి, పాదాలతో తప్పించుకున్నాడా, చేతులతో విదిలించుకున్నాడా, లేక అసలు తప్పించుకోనే లేదా అని మామూలు మాటల్లో రాసింది. కొందరికైతే "సరిపడా చూడలేదు, చెప్పలేం" అని నిజాయితీగా రాసేశారు. డబ్బులు తీసుకుని తెలియదు అని రాసేవాళ్లంటే నాకు గౌరవం.

రెండో మంచి విషయం, అతని వైపు విసిరిన బంతుల్లో పట్టదగ్గవి ఎన్ని అని విడిగా రాయడం. కానీ ఇది రెండు వైపులా కోసే కత్తి, రేగర్ విషయంలో మమ్మల్ని కోసింది అదే. టీసీయూ కాలేజీలో అతని చివరి సీజన్ అంకెలు పడిపోతే, క్వార్టర్‌బ్యాక్ బాగోలేదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు అన్నారు. జెఫర్సన్‌కి ఉల్టా. ఎల్‌ఎస్‌యూ కాలేజీలో 2019లో 111 క్యాచ్‌లు, 1,540 యార్డులు, 18 టచ్‌డౌన్లు, అయినా సరే జో బరో లాంటి క్వార్టర్‌బ్యాక్ విసురుతుంటే ఎవరైనా పడతారులే, పైగా స్లాట్‌లో, అంటే మైదానం లోపలి వైపు, ఆడాడు, బయట నిలబెడితే ఏమవుతాడో అన్నారు. రెండు మాటలూ వినడానికి బ్రహ్మాండంగా ఉన్నాయి, రెండూ తప్పే. అదే జెఫర్సన్ 2018లో ఎక్కువగా బయటే ఆడాడు, 2019లో జమార్ చేజ్ లాంటివాడు బయట ఉన్నాడు కాబట్టి ఇతన్ని లోపలికి జరిపారు. అంటే స్లాట్‌లో ఎందుకు ఆడాడు అని ఒక్క ప్రశ్న వేసుకుంటే సరిపోయేది. ఈ గైడ్ ఇప్పటికీ ఆ ప్రశ్న వెయ్యదు. పేరు పక్కన "స్లాట్" అని ముద్ర కొట్టి వదిలేస్తుంది. కాలేజీ కోచ్ అవసరానికి వేసిన చోటు వేరు, వాడు అక్కడ మాత్రమే ఆడగలడు అనడం వేరు.

ఇక 40 యార్డుల పరుగు. ఇక్కడ నాకు నిజంగానే కోపం వచ్చింది. ఇండియానాపోలిస్‌లో డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షల శిబిరం కంబైన్‌లో తీసే టైము ఎలక్ట్రానిక్‌ది, కాలేజీలు తమ దగ్గరే పెట్టే ప్రో డేలో చాలాసార్లు స్టాప్‌వాచ్ పట్టుకుని నొక్కేది, అది సహజంగానే కాస్త తక్కువ చూపిస్తుంది. ఈ రెంటినీ ఒకే కాలమ్‌లో, ఏది ఏదో గుర్తు పెట్టకుండా వేశారు! దాన్ని మళ్లీ మార్కులో కలిపారు. పరుగు పెట్టనివాళ్ల దగ్గర ఒక గీత గీసి ఊరుకున్నారు. 2024లో మార్విన్ హారిసన్ జూనియర్ కంబైన్‌లో ఒక్క పరీక్ష కూడా చెయ్యలేదు, అయినా 4వ పిక్‌గా పోయాడు. మరి ఆ గీతకి మార్కు ఎలా వేశారో గైడ్‌లో ఎక్కడా లేదు.

పరుగు పనికిరాదని నేననను. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటి కంబైన్ రికార్డు బద్దలుకొట్టాడు, సిన్సినాటి బెంగాల్స్ 9వ పిక్ పెట్టేసింది, అది కలిసిరాలేదు. అదే ఏడాది కూపర్ కప్ 4.62 పరిగెత్తి, ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న ప్రోగ్రామ్ నుంచి వచ్చి, మూడో రౌండ్‌లో 69వ పిక్‌గా రామ్స్ జట్టుకి వెళ్లాడు. 2021లో 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు, 16 టచ్‌డౌన్లు, మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడు, ఆపైన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు. ఇది చెప్పి చూశారా స్పీడ్ దండగ అనేవాళ్లు మెట్‌కాఫ్‌ని మర్చిపోతారు. అంత భారీ మనిషి 4.33 పరిగెత్తడం పెద్ద సంకేతమే, కానీ మలుపుల పరీక్ష అయిన త్రీ-కోన్ డ్రిల్‌లో 7.38 సెకన్లు పట్టిందని, మలుపులు తిరగలేడని భయపడి జట్లు వెనక్కి తగ్గాయి. సియాటిల్ అతన్ని మలుపులు తక్కువుండే రూట్లలో నిటారుగా పరిగెత్తించింది, భయం ఏమైందో తెలియదు. పోనీ జెఫర్సన్, రేగర్ సంగతి చూస్తే జెఫర్సన్ 4.43, రేగర్ 4.47. స్పీడ్ కోసం తీసుకున్నవాడికంటే వదిలేసినవాడే ఆ రోజు వేగంగా పరిగెత్తాడు. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఆ వందకి మార్కు గురించి రెండు మాటలు. ఒకడికి 83.7, ఇంకొకడికి 83.4. ఆ 0.3 మార్కు తేడా ఎక్కడి నుంచి ఊడిపడింది సార్? ప్రతి పేజీ చివర ఇతను ఫలానా స్టార్‌లా ఉంటాడు అని ఒక పోలిక కూడా పెట్టారు, అది చదవకుండా దాటేయండి.

అసలు పెద్ద లోటు ఇంకోటి ఉంది. ఆటగాడు ఎంత మంచివాడో చెప్తుంది కానీ, ఎవరికి, ఏ రౌండ్‌లో, ఎందుకు అనేది ఎక్కడా లేదు. రిసీవర్లు మొదటి రౌండ్‌లో ఇంతమంది ఎందుకు పోతున్నారో డబ్బు లెక్క చూడకుండా అర్థం కాదు. 2024లో మొదటి రౌండ్‌లోనే ఏడుగురు. ఆ ఏడాదే జూన్‌లో జెఫర్సన్‌కి నాలుగేళ్లకి 140 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు పొడిగింపు ఇచ్చారు, 2025లో చేజ్‌కి నాలుగేళ్లకి 161 మిలియన్లు. మొదటి రౌండ్ కుర్రాడైతే నాలుగేళ్లు దానిలో కొసరంత జీతానికి ఆడతాడు, ఐదో ఏడాది ఆప్షన్ కూడా జట్టు చేతిలోనే. ఈ లెక్కతోనే 2022 డ్రాఫ్ట్ రాత్రి టెనెస్సీ టైటాన్స్, కొత్త కాంట్రాక్టు కుదరని ఏజే బ్రౌన్‌ని మాకు ఇచ్చేసి 18, 101 పిక్‌లు తీసుకుని, ఆ 18తో ట్రెయ్‌లన్ బర్క్స్‌ని ఎంచుకుంది. లెక్క కాగితం మీద బాగానే ఉంది. బ్రౌన్ మా దగ్గర మొదటి ఏడాదే దాదాపు 1,500 యార్డులు ఆడాడు. కుర్రాడి పక్కన ఇంకెవరున్నారు, క్వార్టర్‌బ్యాక్ ఎవరు, ఆ జట్టుకి బయట నిలబడేవాడు కావాలా లోపల ఆడేవాడు కావాలా, దీని మీద పొజిషన్‌కి ఒక అరపేజీ రాసినా సరిపోయేది. చేజ్ ఉదాహరణే తీసుకోండి, 2021లో 5వ పిక్‌తో బెంగాల్స్, క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే లైన్‌మన్ పెనే సూయెల్‌ని తీసుకోవాలని సగం ప్రపంచం అరిచింది, వాళ్లు బరోకి కాలేజీలో అలవాటైన రిసీవర్‌నే తెచ్చారు. మొదటి సీజన్‌లో 1,455 యార్డులు, ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ దాకా వెళ్లారు. ప్రీ-సీజన్‌లో బంతులు జారవిడిచినప్పుడు అతన్ని ఎంతమంది వెక్కిరించారో గుర్తుందా?

చివరి రౌండ్ల భాగం దారుణం. మొదటి ఇరవై మందికి పేజీ చొప్పున ఇచ్చి, ఆ తర్వాతి వాళ్లకి తలా రెండు లైన్లు. నాకు కావలసింది అక్కడే. మొదటి పదిమంది గురించి ఎలాగూ ఊరంతా రాస్తుంది. ప్యూకా నకువా 2023లో ఐదో రౌండ్‌లో 177వ పిక్, మొదటి సీజన్‌లోనే 105 క్యాచ్‌లు, 1,486 యార్డులతో అప్పటి రూకీ (తొలి ఏడాది ఆటగాళ్ల) రికార్డులు రెండూ లాగేసుకున్నాడు. అమోన్-రా సెయింట్ బ్రౌన్ 2021లో 112వ పిక్, తనకంటే ముందు తీసుకున్న 16 మంది రిసీవర్ల పేర్లూ వరసగా అప్పజెప్పగలడు. అలాంటివాణ్ని పట్టుకోవడానికే కదా గైడ్ కొనేది, ఆ రెండు లైన్లలో ఒకటి అతని ఎత్తు బరువు అయితే ఎలా.

సర్వీసు సంగతి త్వరగా చెప్పేస్తా. ప్రో డేలు అయిపోయాక సరిచేసిన ఫైలు పంపుతామన్నారు, 2025లో అది డ్రాఫ్ట్ అయిన రెండు రోజులకి వచ్చింది. అప్పటికి కార్నెల్ టేట్ లాంటి వచ్చే ఏడాది వాళ్ల గురించి మాట్లాడుకోవడం కూడా మొదలైపోయింది. మెయిల్ పెడితే మర్యాదగానే జవాబిచ్చారు, డబ్బులు వెనక్కి ఇవ్వరట, వచ్చే ఏడాదికి 5 డాలర్ల కూపన్ ఇచ్చారు. ఫోన్‌లో చదవడం కష్టం, ట్యాబ్ లేకపోతే కళ్లు పోతాయి.

రిలీజ్ పేరాల కోసం అయితే కొనండి. మార్కుల కోసం, ర్యాంకుల కోసం అయితే వద్దు, అవి ఉచితంగా బోలెడు దొరుకుతాయి. నేను ఇప్పుడు చేసేదేంటంటే, రిలీజ్, రూట్ల పేరాలు రెండూ చదివి నా లిస్టు నేను రాసుకున్నాకే ఆ కుడి మూల చూస్తా. తేడా ఎక్కువగా ఉన్నవాళ్ల ఆట మాత్రం మళ్లీ వెళ్లి చూస్తా, ఆ పని బాగుంటుంది.

మా ఫ్రెండ్ ఒకడున్నాడు, డాలస్ కౌబాయ్స్ అభిమాని, 2020లో సీడీ లాంబ్ 17 దాకా జారి వాళ్ల ఒళ్లో పడ్డాడని ఇప్పటికీ మీసం మెలేస్తాడు. "నీకు గైడ్ ఎందుకురా, మీవాళ్లు ఎవర్ని వదిలేస్తే వాడి పేరు రాసుకో చాలు" అన్నాడు. 2021లో మేము 12 నుంచి 10కి ఎగబాకి డెవాంటా స్మిత్‌ని తీసుకోవడానికి ఆ 10వ పిక్ మాకు అమ్మింది ఎవరో గుర్తుచేశా. బక్కపలచగా ఉన్నాడు, నిలబడడు అన్న ఆ స్మితే 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో 46 యార్డుల టచ్‌డౌన్ పట్టాడు. ఆ పిక్ అమ్మింది డాలస్ వాళ్లే. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెల్లగా ఆ పీడీఎఫ్ ఒకసారి పంపరా అన్నాడు. 30 డాలర్లు పెట్టి కొనుక్కోమన్నా. కూపన్ కూడా ఇవ్వలేదు.