పండగ రేటు 2,400, ప్రభల తీర్థం ఉచితం: సంక్రాంతికి రాజమండ్రి

రాజమండ్రిలో పుష్కర్ ఘాట్ దగ్గర ఏదో ఒక లాడ్జిలో దిగి సంక్రాంతి చూద్దామనుకునేవాళ్లు ముందు లాడ్జి సంగతి చదవండి. మిగతాది తర్వాత చెప్తాను. ఎందుకంటే మిగతాదంతా బాగుంది.

మా ఆయన డిసెంబరులోనే ఫోన్లో రూమ్ మాట్లాడారు. రోజుకి 1,600, కిటికీలోంచి గోదావరి కనిపిస్తుంది, దిగిన టైము నుంచి ఇరవై నాలుగు గంటలు అన్నారు. వెయ్యి అడ్వాన్సు ఫోన్‌పేలో పంపాం. భోగి ముందురోజు రాత్రి, విజయవాడ నుంచి నిలబడే చోటు కూడా లేని రైల్లో వచ్చి, మోకాళ్ల నొప్పుల అత్తగారితో, నిద్రకి తూలుతున్న పిల్లాడితో కౌంటరు దగ్గరికి వెళ్తే మేనేజరు తలెత్తకుండా "2,800 సార్" అన్నాడు. ఫోన్లో 1,600 అన్నారుగా అంటే "అది మామూలు రేటండి, ఇది పండగ రేటు" అన్నాడు. పండగ ఎప్పుడొస్తుందో రూమ్ ఇచ్చేనాటికి ఆయనకి తెలియదు కాబోలు.

మా ఆయన మెతక మనిషి. అప్పటికే పర్సు తీస్తున్నారు. నేను ఆపి బేరం మొదలుపెట్టాను. 2,400 దగ్గర ఆగింది. అత్తగారికి కింద పరుపు వేస్తే ఇంకో 300. సరే, రసీదు మీద దిగిన టైము వేయండన్నాను. అలా వేసే అలవాటు లేదన్నాడు. వేసేదాకా తాళం ముట్టుకోనన్నాను. వెనక ఇంకో కుటుంబం వచ్చి నిలబడటంతో విసుక్కుంటూ 8.40 అని రాశాడు. ఎక్కడ దిగినా ఈ పని చేయించుకోండి. ఎందుకో వినండి.

గదిలో గీజరు ఉంది, స్విచ్ మాత్రం కింద ఆఫీసులో ఉంది. పొద్దున ఆరు నుంచి ఏడు దాకే వేస్తారట. ఆ తర్వాత కావాలంటే బకెట్ 40 రూపాయలు. దుప్పటి మీద టీ మరక, మార్చమంటే తెచ్చిన దుప్పటి మీద ఇంకో మరక. అత్తగారు కిటికీ తీసి చాలాసేపు చూసి "ఒరేయ్, గోదారేదిరా?" అన్నారు. ఎదురుగా పక్క బిల్డింగు వాళ్ల నల్ల ట్యాంకు ఉంది. రూమ్ బాయ్ పాపం మర్యాదగా, "ఆయ్, మేడెక్కితే కనపడుద్దండి" అన్నాడు. మేడకి తాళం. తాళం ఓనరు దగ్గర. ఓనరు పందేల దగ్గర.

పొద్దున ఎనిమిదిన్నరకి తలుపు దబదబ బాదారు. చెకౌట్ తొమ్మిదికట, ఉండాలంటే ఇంకో రోజు కట్టాలట. ఇరవై నాలుగు గంటలన్నారు కదా అంటే కౌంటరు వెనక బోర్డు చూపించాడు. "ఉ. 9 గం." అన్న ముక్క క్యాలెండరు చాటున ఉంది. నేను రసీదు చూపించాను. చదివాడు, మళ్లీ చదివాడు, ఓనరుకి ఫోన్ చేశాడు. అత్తగారు సోఫాలో కూర్చుని జపమాల తీశారు, లేచే ఉద్దేశం లేదన్నట్టు. చివరికి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉండండన్నాడు. మేం పదకొండుకే ఖాళీ చేసేశాం. అప్పటికే మా ఆయన సత్రం చూసొచ్చారు. నలుగురికి గది 600, వేడినీళ్లు ఎన్ని బకెట్లయినా ఇస్తారు. ఆధార్ కార్డు చూపాలి, మాంసం, మందు కుదరవు, రాత్రి పదికి గేటు వేసేస్తారు. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి నేను సత్రమే చెప్తాను. టీవీ లేదని మా వాడు మాత్రం అలిగాడు.

ఊళ్లో చూడదగ్గవాటికి పెద్ద ఖర్చు లేదు. తెల్లవారుజామున ఇన్నీసుపేట సందుల్లో నడవండి చాలు. భోగి మంటలు, ముగ్గుల మధ్య గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు. ఎండెక్కితే పోతాయి కాబట్టి ఏడున్నరలోపే వెళ్లాలి. సాయంత్రం పుష్కర్ ఘాట్‌లో హారతి ఉచితం, మెట్ల మీద ముందుగా చోటు పట్టుకోవాలి. అక్కడ కూర్చుంటే 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన, దాని బదులు వచ్చిన ఆర్చి వంతెన కనిపిస్తాయి. మంచులో రైలు వెళ్తుంటే మా వాడి అలక తీరింది. తేగలు కట్ట 30 రూపాయలు. ఉడికించినవి కాదు, కాల్చినవి అడగండి. చలికాలంలో వచ్చి తేగ తినకుండా వెళ్లకండి.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ గురించి ఎవరూ చెప్పరు. ఆటోవాళ్లకీ తెలియదు, మా ఆటో అతను "ఆర్ట్స్ కాలేజీయా అండి?" అని అక్కడికే తిప్పబోయాడు. రామారావు 1897లో పుట్టి 1925లోనే, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా పోయిన చిత్రకారుడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన చేతిని గుర్తించాడు. ఆ తర్వాత రామారావు బొంబాయి వెళ్లి చదువుకుని, తిరిగొచ్చి ఈ ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. ఆడవాళ్లు పూలు ముడుచుకునే బొమ్మ దగ్గర అత్తగారు చాలాసేపు ఆగారు. "మా మేనత్తల ముడులు ఇలాగే ఉండేవి" అన్నారు. మేం ఉన్నంతసేపూ లోపల ఇంకెవరూ లేరు. బయట రోజ్‌మిల్క్ కొట్టు దగ్గర మాత్రం ఇసకేస్తే రాలడం లేదు, ఈ చలిలో కూడా.

ఒక హోటల్ బోర్డు మీద పులస పులుసు 900 అని చూసి మా ఆయన కళ్లు మెరిశాయి. అత్తగారు బల్ల ముందు కూర్చోకుండానే "గోదారికి ఎర్రనీళ్లొచ్చినప్పుడు దొరికే చేప, సంక్రాంతికి ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనా?" అని సర్వరుని అడిగారు. ఫ్రీజరులోదండి అన్నాడు. బయటికొచ్చేశాం. సముద్రంలో ఇలస, వరదకి ఎదురీది నదిలోకి వస్తేనే పులస. జనవరిలో ఎవరు పులస అన్నా నమ్మకండి.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ చూశాం. ఇంజనీరు కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి గోదావరి మీద ఆనకట్ట పూర్తి చేయించాడని మా ఆయన పిల్లాడికి పాఠం చెప్తుంటే వాడు కొంగల్ని లెక్కపెట్టుకున్నాడు. నాకు గుర్తుండేది మాత్రం దగ్గర్లో ఓ ఇంట్లో నడిపే మెస్సు. భోజనం 120. ముద్దపప్పు, చిక్కుడుకాయ కొబ్బరికోరు, గుమ్మడికాయ పులుసు, ఆవ పెట్టిన కందాబచ్చలి. మా అత్తగారు ఇంకొకరి వంటని మెచ్చుకోవడం పెళ్లయినప్పటి నుంచీ నేను చూడలేదు. ఆ రోజు కందాబచ్చలి మూడోసారి వేయించుకుని, చెయ్యి కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్లారు. పొయ్యి దింపి కాస్త చల్లారాకే ఆవ ముద్ద కలపాలి, లేకపోతే చేదెక్కుతుంది అని వంటావిడ చెప్పింది. "నేను పొయ్యి మీదే కలుపుతానమ్మా" అన్నారు అత్తగారు, మెల్లగా. నేను విననట్టు ఊరుకున్నాను.

కడియం నర్సరీలకి చలికాలమే సరైన టైము. చేమంతి, డాలియా, పెటూనియా అన్నీ పూత మీద ఉంటాయి. రోడ్డు మీది కొట్లలో 80 చెప్పే చేమంతి, కడియపులంకలో లోపలి తోటలకి నడిస్తే 35కి ఇచ్చారు. ఫొటోలు తీసుకుని ఏమీ కొనకపోయినా ఏమీ అనలేదు.

కనుమ రోజు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట వెళ్దామంటే అత్తగారు "కనుమ నాడు కాకి కూడా కదలదు, మీకేం పుట్టింది?" అన్నారు. పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ఒక్కచోట చేరతారని చెప్పాక అందరికంటే ముందు చీర మార్చుకున్నారు. రావులపాలెం, కొత్తపేట మీదుగా అంబాజీపేట వెళ్లే బస్సు ఎక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం కదా, అత్తగారికీ నాకూ జీరో టికెట్లు. మా ఆయనకీ, బాబు హాఫ్ టికెట్టుకీ కలిపి 160. "ఇంట్లో సంపాదించేది నేను, టికెట్టూ నాకే" అని దారంతా సణిగారు.

అక్కడ గుడి లేదు. కొబ్బరితోట అంతే. వెదురుతో కట్టి రంగురంగుల గుడ్డలు చుట్టిన ప్రభల మీద తమ శివుణ్ణి పెట్టి మోసుకుంటూ ఒక్కో ఊరివాళ్లూ వస్తుంటారు. పచ్చని చేలకి అడ్డంగా వస్తారు, తొక్కుకుంటూ వెళ్తే రైతు ఏమీ అనడు, మంచిదనుకుంటాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటడం చూడాల్సిందే. పీకలోతు నీళ్లలో, అంత ఎత్తు ప్రభని ఒరగనివ్వకుండా, "శరభ శరభ" అని అరుస్తూ దాటిస్తారు. ప్రభ ఒకసారి పక్కకి వాలింది. గట్టు మీద వేలమంది ఒక్కసారి "హో" అన్నారు, మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మళ్లీ నిలబడింది. దీనికి టికెట్టు లేదు, వీఐపీ పాసు అక్కర్లేదు. ముందు నిలబడాలంటే మధ్యాహ్నం ఒంటిగంటకే గట్టు చేరాలి. నీళ్ల సీసా, టోపీ తెచ్చుకోండి, అక్కడ లీటరు సీసా 40 అమ్ముతున్నారు.

తిరుగు దారే కష్టం. చీకటి పడేసరికి ఆటోవాళ్లు అంబాజీపేటకి మనిషికి వంద అడిగారు. మా ఆయన ఈసారి పర్సు తీయలేదు. అత్తగారిని మాత్రం ఓ బండి వెనక సీట్లో కూర్చోబెట్టి పంపి, మేం ముగ్గురం నడిచేశాం. చివరి బస్సు ఎప్పుడని కండక్టర్ని పొద్దునే అడిగి పెట్టుకోండి. మాకు నిలబడటానికి చోటు దొరికింది.