అన్నీ ఒకే ఫర్మ్‌కా, ఆర్కిటెక్ట్ ఇంజనీర్ వేరువేరుగానా?

బిల్డింగ్ కట్టించే చాలామందికి ఈ డౌట్ వస్తుంది. నాకైతే అమెరికా డిజైన్ ఫర్మ్ ఎస్ఓఎం పనినీ సిడ్నీ ఒపేరా హౌస్‌నీ పక్కపక్కన పెట్టి చూశాకే క్లారిటీ వచ్చింది.

ఎస్ఓఎంని 1936లో షికాగోలో స్కిడ్‌మోర్, ఓవింగ్స్ మొదలెట్టారు, 1939లో ఇంజనీర్ మెరిల్ చేరాడు, అంటే డిజైన్, స్ట్రక్చర్ ఒకే గొడుగు కింద. ఇక్కడే ఢాకాలో చదివిన స్ట్రక్చరల్ ఇంజనీర్ ఫజ్లుర్ ఖాన్, ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహం కలిసి తొమ్మిది ట్యూబుల్ని (గొట్టాల్లాంటి నిలువు ఫ్రేముల్ని) ఒక కట్టగా చేసి షికాగోలో సియర్స్ టవర్‌ని 110 అంతస్తులు లేపారు, ఆ జోడీ అంటే నాకు ప్రాణం. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కూడా ఈ ఫర్మ్‌దే.

సిడ్నీలో ఉట్జాన్ ఆర్కిటెక్ట్, అరప్ వాళ్ళు ఇంజనీర్లు. పైకప్పు లెక్క తేలకముందే ప్రభుత్వం పని మొదలుపెట్టించింది, 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా 10.2 కోట్లకి పోయింది, ఉట్జాన్ 1966లో వదిలేసి వెళ్ళిపోయాడు. కానీ ఆ అందం!

ఖర్చు: ఒకే ఫర్మ్ ఫీజు మొదట్లో బరువే, విడివిడిగా అయితే బేరం ఆడొచ్చు.
శ్రమ: ఒకే ఫర్మ్ అయితే ఒక్క ఫోన్, విడివిడిగా అయితే ఇద్దరి మధ్య మీరే తిరగాలి.
రిస్క్: డ్రాయింగులు కలవకపోతే విడిగా పెట్టుకున్నచోట జవాబుదారీ ఎవరో తేలదు.

హాస్పిటల్, టవర్ అయితే ఒకే ఫర్మ్. సొంతిల్లయితే నచ్చిన ఆర్కిటెక్ట్‌నీ, మంచి స్ట్రక్చరల్ ఇంజనీర్‌నీ విడిగా పెట్టుకోండి, కాకపోతే పునాది తవ్వకముందే ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టండి.