మూడేళ్లుగా పైథాన్ స్క్రిప్టులతో ల్యాబ్ పని: నా అనుభవం

విశాఖలో పరవాడ వైపు మా ఆర్ అండ్ డీ ల్యాబ్. మూడేళ్లుగా ఫ్యూమ్‌హుడ్ (ఆవిరులు బయటికి లాగే పని అర) పక్కనున్న పాత ల్యాప్‌టాప్‌లో పైథాన్ భాష, పరికరాలతో కేబుల్ ద్వారా మాట్లాడే దాని లైబ్రరీ పైసీరియల్‌తో నేను రాసుకున్న స్క్రిప్టులే, ఫ్లాస్కును వేడిచేస్తూ కలిపే హాట్‌ప్లేట్‌నూ ద్రవాన్ని కొలిచి పంపే సిరింజి పంపునూ నడుపుతున్నాయి. పైథాన్, పైసీరియల్ రెండూ ఉచితం. కొన్నది యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ ఒక్కటే.

మొదట రాసింది క్రిస్టలైజేషన్‌కి, అంటే ద్రావణాన్ని చల్లార్చి స్ఫటికాలు రప్పించడానికి. 75 డిగ్రీల నుంచి 40కి, నిమిషానికి 0.2 చొప్పున చల్లార్చాలి. చేత్తో అయితే దాదాపు మూడు గంటలు నాబ్ దగ్గరే కాపలా. స్క్రిప్టు వచ్చాక బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ స్ఫటికాల సైజు దగ్గరగా రావడం మొదలైంది. అయితే మే నెలలో ఏసీ ఆగితే 45 దగ్గరికొచ్చేసరికి గ్రాఫు వాలు తగ్గిపోతుంది. గదే 34లో ఉంటే ఫ్లాస్కు వేడి ఎక్కడికి పోతుంది? హాట్‌ప్లేట్ వేడి తగ్గించగలదు గానీ చల్లబరచలేదు. అందుకే లోపలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి మించి వెనకబడితే, అది అందుకునేదాకా ఆగమని రాశాను.

కనెక్షన్ దగ్గర రెండు రోజులు పోయాయి. మా ఐకా కంపెనీ హాట్‌ప్లేట్‌తో మాట్లాడాలంటే 9600 బాడ్ (సమాచారం పంపే వేగం), అక్షరానికి 7 బిట్లు, ఈవెన్ పారిటీ (తప్పుల్ని పట్టే అదనపు బిట్) కావాలి. పైసీరియల్ మాత్రం మనం ఏమీ చెప్పకపోతే 8 బిట్లు, పారిటీ లేదు అనుకుంటుంది. మాన్యువల్ ముందే చదివి ఉండాల్సింది.

అసలు పాఠం తర్వాత వచ్చింది. కొత్త రియాక్షన్ వచ్చినప్పుడల్లా పాత ఫైలు కాపీ చేసి అంకెలు మార్చేదాన్ని. అలా పద్నాలుగు ఫైళ్లయ్యాయి. పంపు వేగం లెక్కలో ఒక తప్పు దొరికితే పద్నాలుగు చోట్లా దిద్దాల్సి వచ్చింది. అప్పుడు విడదీశాను: పరికరాలతో మాట్లాడే కోడు ఒక ఫైల్లో, ఉష్ణోగ్రతలు, సమయాలు, ఎంఎల్‌లు సీఎస్‌వీ అనే మామూలు పట్టిక ఫైల్లో. ఇప్పుడు కోడింగ్ రాని మా కెమిస్టులు కూడా ఎక్సెల్‌లో ఆ సీఎస్‌వీ మార్చుకుని రన్ చేసుకుంటున్నారు. రియాక్షన్‌లో వేడి పుట్టించే యాసిడ్ క్లోరైడ్‌ని చుక్కచుక్కగా వేసేటప్పుడు ఫ్లాస్కు 10 డిగ్రీలు దాటితే పంపు ఆగాలి, 8కి దిగాకే మళ్లీ మొదలవ్వాలి. ఈ నియమం ఒక్కసారే రాశాను, ఎన్ని రియాక్షన్లకో పనికొచ్చింది.

ఒక రాత్రి ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోయింది. స్క్రిప్టు ఆగింది, హీటర్ మాత్రం 80 దగ్గరే ఉండిపోయింది. పొద్దున వచ్చేసరికి ఫ్లాస్కులో నల్లటి ముద్ద. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. అప్పుడే మాన్యువల్‌లో వాచ్‌డాగ్ కమాండ్ కంటపడింది. 20 నుంచి 1500 సెకన్ల మధ్య ఒక గడువు పెట్టొచ్చు. నేను 60 పెట్టాను. అంతసేపు ల్యాప్‌టాప్ నుంచి ఏ కబురూ రాకపోతే హాట్‌ప్లేట్ తనంతట తానే వేడీ కదలికా రెండూ ఆపేస్తుంది. హీటర్ ఉన్న ఏ స్క్రిప్టుకైనా ముందు ఈ లైను రాయండి, మిగతావి తర్వాత.

అన్నీ దీంతో అవ్వవు. పొడులు వేయడం, టీఎల్‌సీ (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసే పరీక్ష), వర్కప్ (రియాక్షన్ అయ్యాక పదార్థాన్ని వేరుచేయడం) ఇంకా చేత్తోనే. పోయిన నెల తెర మీద 400 ఆర్‌పీఎం అని చూపిస్తూనే ఉంది, మా అసిస్టెంట్ పరిగెత్తుకొచ్చి "మేడం, బీడ్ తిరగట్లేదండీ" అన్నాడు. బీడ్ అంటే ఫ్లాస్కులో తిరుగుతూ కలిపే చిన్న అయస్కాంతం. పరికరం చెప్పేది మోటారు వేగం. చిక్కటి స్లర్రీలో (పొడి కలిసిన ద్రవంలో) బీడ్ పట్టు తప్పిందన్న సంగతి దానికి తెలీదు. అందుకే స్లర్రీ రన్‌లన్నిటికీ పావుగంటకోసారి స్క్రిప్టు బీప్ కొడుతుంది. ఎవరో ఒకరు వెళ్లి ఫ్లాస్కు చూసి ఎంటర్ నొక్కితేనే పంపు మళ్లీ కదులుతుంది.