ఆర్‌సీసీబీ (షాక్ నుంచి మనిషిని కాపాడే స్విచ్చి) పెట్టానని డబ్బులు తీసుకున్నాడు, దానికి కనెక్షనే ఇవ్వలేదు. రాజమండ్రి వాళ్ళు జాగ్రత్త

ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఈ పొద్దున మా అమ్మ బాత్రూంలో కొళాయి తిప్పబోతే షాక్ కొట్టింది. పది రోజుల క్రితం 14,500 రూపాయలు పెట్టి కొత్త ఎంసీబీ బాక్సు, అంటే పాత ఫీజుల బదులు పెట్టే స్విచ్చుల పెట్టె, వేయించిన ఇంట్లో.

ఏ ఎలక్ట్రీషియన్ గురించి రాస్తున్నానో మన వైపు వాళ్ళకి అర్థమైపోతుంది. పాత ఇళ్ళకి ఒక్క రోజులో ఫీజు బాక్సు మార్చేస్తానంటూ కాలనీ గ్రూపులన్నిట్లో ఆ నెంబరే తిరుగుతుంది. పేరు ఇక్కడ రాయను.

మాది తాతగారు కట్టించిన ఇల్లు. నడవాలో వంటింటి గుమ్మం పైన చెక్క బోర్డు, దాని మీద పింగాణీ కిట్‌క్యాట్ ఫీజులు, ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి. వాన పడిందంటే ఫీజు కొట్టేయడం, స్టూలెక్కి తీగ చుట్టడం. అమ్మకి డెబ్బై దాటాయి. నేను ఆఫీసులో ఉండగా ఆవిడ స్టూలెక్కుతుందేమోనన్న భయంతోనే మార్పించాను.

బాక్సు హాల్లో, వీధి గుమ్మం పక్కన, కంటి ఎత్తులో పెట్టమని చెప్పి ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చి చూస్తే వంటింట్లో సింకు పైన బిగించేసి ఉంది. “పాత వైర్లు ఇక్కడికే అందాయి సార్, హాల్లోకి లాగాలంటే గోడంతా కొట్టాలి” అన్నాడు. సింకు పైనా, పొయ్యి పైనా, బాత్రూంలోనూ బాక్సు పెట్టకూడదని నాకు తెలుసు. గిన్నెలు కడిగితే నీళ్ళు తుళ్ళి మూత మీద పడతాయి, అక్కడ నిలబడి స్విచ్చి ముట్టుకునే చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అయినా అప్పటికే సిమెంటు పూసేశాడు. చీకటి పడింది, ఇంట్లో కరెంటు లేదు, అమ్మ కొవ్వొత్తి పెట్టుకుని కూర్చుంది. ఊరుకున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

వెళ్ళేముందు బాక్సు తెరిచి ఆర్‌సీసీబీ మీద వేలు పెట్టి చూపించాడు. “ఇదే సార్ మనిషిని కాపాడేది, మంచి కంపెనీది వేశాను.” దానికి విడిగా 2,400 తీసుకున్నాడు. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను: ఎంసీబీ లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడిపోయి వైరుని కాపాడుతుంది. మనిషికి షాక్ కొడితే అది పడదు. ఆ పని ఆర్‌సీసీబీది. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి. మధ్యలో ఎక్కడైనా 30 మిల్లీఆంపులు దారి తప్పితే కన్నుమూసి తెరిచేలోగా సప్లై కోసేస్తుంది. అమ్మ కోసమే అది కావాలని పట్టుబట్టి వేయించాను.

పొద్దున బాత్రూంలోంచి బకెట్టు దొర్లిన చప్పుడు, వెంటనే అమ్మ కేక. పరుగెత్తుకెళ్ళేసరికి గోడకి ఆనుకుని ఎడం చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఉంది. “జివ్వుమని లాగింది రా” అంది. చెయ్యి వెనక్కి తీసుకోగలిగింది కాబట్టి సరిపోయింది. మెయిన్ ఆపేసి, మా వీధి చివర ఉండే రిటైర్డ్ లైన్‌మన్ బాబాయ్‌ని పిలుచుకొచ్చాను.

ఆయన మెయిన్ వేసి, ఆర్‌సీసీబీ మీద టి అని ఉండే చిన్న మీట నొక్కారు. టక్‌మని ముక్కు కిందికి పడింది. పైన వంటింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆయన నా మొహంలోకి చూశారు. మెయిన్ ఆపి మూత స్క్రూలు విప్పారు. ఆర్‌సీసీబీ పైన రెండు రంధ్రాల్లోకి రెండు వైర్లు వచ్చాయి. ఇంట్లోకి కరెంటు పోవాల్సిన కింద రెండు రంధ్రాలూ ఖాళీ. స్క్రూడ్రైవర్ తగలని ఇత్తడి, షాపులోంచి వచ్చినట్టే మెరుస్తోంది. ఇల్లంతటికీ సప్లై మెయిన్ నుంచి నేరుగా ఎంసీబీలకి వెళ్తోంది. మాకు కనపడడానికి మాత్రమే దాన్ని అక్కడ బిగించాడు.

ఫోన్ చేశాను. మరిచిపోయాడేమో అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను. అతను చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “మీ గీజర్‌లో లీకేజీ ఉంది సార్. ఆ రోజు కనెక్షన్ ఇస్తే పడిపోతానే ఉంది. నాకు ఇంకో సైటుంది. అలా వదిలేస్తే మీరు రోజూ ఫోన్ చేస్తారు కదా, అందుకే డైరెక్ట్ చేసేశా. కరెంటు వచ్చింది కదా సార్.”

తెలుసు అతనికి! మా ఇంట్లో కరెంటు లీకవుతోందని పది రోజుల క్రితమే తెలుసు. ఆర్‌సీసీబీ తన పని తాను చేసింది, ప్రమాదం ఉందని మొదటి రోజే చెప్పింది. ఆ మాట మాకు చేరకుండా వైరు పీకేసి, డబ్బులు లెక్కపెట్టుకుని, “అమ్మగారూ వస్తానండీ” అని ఆవిడకే దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఒక్క ముక్క, “గీజర్ వాడకండి” అని చెప్పి ఉంటే చాలు కదా? మా అమ్మకి షాక్ కొట్టిందయ్యా అంటే “గీజర్ మార్చుకోండి” అని పెట్టేశాడు. తర్వాత నా నెంబరు బ్లాక్ చేశాడు.

బాబాయ్ మిగతావీ చూశారు. గీజర్ కాయిల్ పగిలింది. పెరట్లో ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఎర్తింగ్ సరిగ్గా లేదు, అందుకని కరెంటు గీజర్ బాడీ మీదే నిలిచి ఇనప పైపు గుండా కొళాయికి వచ్చింది. లైట్లకి పోయే 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు మీద 32 ఆంపుల ఎంసీబీ వేశాడు. అక్కడ 10 ఉండాలి. 32 వేస్తే అది పడేలోగా గోడలో వైరు కాలిపోతుంది. ఒక న్యూట్రల్ స్క్రూ వదులై ప్లాస్టిక్ అప్పుడే నల్లబడింది.

టి మీట అతని ఎదురుగా నేను నొక్కి ఉంటే అప్పుడే బయటపడేది. రెండు సెకన్ల పని. పొద్దున్నించీ అదే తిరుగుతోంది బుర్రలో.

ఇలాంటి పని చేయించేవాళ్ళు వైర్‌మన్ పర్మిట్ అడిగి చూడండి. బాక్సు ఎక్కడ రావాలో గోడ మీద చాక్‌పీసుతో మీరే గీయండి, మనిషి ఎత్తుకి మించకుండా, నీళ్ళకి దూరంగా. మూత బిగించకముందు ఫోటో తీసుకోండి. మీట నొక్కితే ఇల్లంతా కరెంటు పోవాలి, అప్పుడే డబ్బులివ్వండి.

బాక్సు రేపు హాల్లోకి మారుస్తున్నాం. అప్పటిదాకా అమ్మని అక్క ఇంటికి పంపాను. ఈ మధ్య మీ ఇంట్లో అతను పని చేసి ఉంటే ఇప్పుడే వెళ్ళి ఆ మీట నొక్కి చూడండి. ఫ్యాను ఆగకపోతే మెయిన్ ఆపేసి నాకు మెసేజ్ పెట్టండి. బాబాయ్ వచ్చి చూస్తానన్నారు.