గ్రోమాక్స్: ఆరేళ్లు వాడాక

ఆరేళ్ల కిందట అనంతపురం నుంచి పీహెచ్‌డీకి బెంగళూరు వచ్చిన మొదటి వారమే నా చేతిలో పెట్టిన సాఫ్ట్‌వేర్ గ్రోమాక్స్. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీలో 1991లో మొదలైంది. ఉచితం. నీళ్లలో ప్రొటీన్ ఎలా కదులుతుందో పరమాణువు పరమాణువుకీ లెక్కగడుతుంది.

వేగానికి వంక పెట్టలేను. మామూలు గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు మీద కూడా బాగా పరిగెడుతుంది. మామూలుగా 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ (ఎక్కడిదాకా వచ్చిందో ఆ వివరం) రాసుకుంటుంది కాబట్టి, వానాకాలం సాయంత్రాల్లో కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేసినా నాకు పోయేది మహా అయితే పావుగంట పని.

అయితే రెండో ఏడాదిలో నావి మూడు నెలలు మింగేసిన తప్పొకటి ఉంది. పాత ఎండీపీ ఫైల్ (రన్ సెట్టింగులుండే ఫైల్) తీసుకుని, కన్‌స్ట్రెయింట్స్ (బంధాల పొడవు మారకుండా పట్టి ఉంచే షరతులు) తీసేసి, టైమ్ స్టెప్, అంటే ఒక్కో అడుగులో లెక్క ముందుకెళ్లే కాలం, మాత్రం 2 ఫెమ్టోసెకన్లే ఉంచాను. అంటే నానోసెకనుకి ఐదు లక్షల అడుగులు. రన్‌కి ముందు ఇన్‌పుట్ సరిచూసే గ్రోమ్‌ప్ చెప్పనే చెప్పింది: హైడ్రోజన్ ఉన్న ఒక బంధం ఊగే కాలం సుమారు 9 ఫెమ్టోసెకన్లే, అది నీ అడుగుకి ఐదు రెట్లు కూడా లేదు, కన్‌స్ట్రెయింట్స్ మర్చిపోయావేమో అని. నేను మాక్స్‌వార్న్ 1 (ఒక హెచ్చరికని పట్టించుకోవద్దనే ఆప్షన్) పెట్టి దాని నోరు మూయించాను.

రన్ కూలిపోయి ఉంటే బతికిపోయేవాణ్ణి. కూలలేదు. పరమాణువుల్ని అడుగడుగునా ముందుకి జరిపే లీప్‌ఫ్రాగ్ పద్ధతి ఆ బంధం దగ్గర చేతులెత్తేయాలంటే అడుగు దాదాపు 3 ఫెమ్టోసెకన్ల దాకా పోవాలి. 2 దగ్గర బండి నడుస్తుంది, లెక్క చెడుతుంది. ఉష్ణోగ్రత చూస్తే 300 కెల్విన్ దగ్గర బుద్ధిగా ఉంది. గ్రూప్ మీటింగ్‌లో గర్వంగా చూపించాను. మా సీనియర్, కర్నూలు అక్క, ఒక్కటే అడిగింది: "థర్మోస్టాట్ తీసేసి చూశావా?" ఉష్ణోగ్రతని ఒకచోట పట్టి ఉంచే లెక్క అది.

తీసేసి ఎన్‌వీఈలో (బయటితో వేడి ఇచ్చిపుచ్చుకోని రన్‌లో) వేస్తే, నిలకడగా ఉండాల్సిన మొత్తం శక్తి మెట్లెక్కుతూ పోతోంది. లెక్కలోని తప్పు వేడిగా పుడుతుంటే థర్మోస్టాట్ దాన్ని చప్పుడు చేయకుండా తోడేస్తోందన్నమాట. పైన పటారం, లోన లొటారం. హైడ్రోజన్ బంధాల పొడవుని లింక్స్ అనే కన్‌స్ట్రెయింట్ పద్ధతితో బిగించాక అదే 2 ఫెమ్టోసెకన్లతో శక్తి కుదుటపడింది. పాత డేటా మొత్తం చెత్తబుట్టకే.

థర్మోస్టాట్ ఎంపికలోనూ ఇలాంటి మెలికే. 1984 నాటి బెరెండ్‌సెన్ పద్ధతి సగటు ఉష్ణోగ్రత సరిగ్గానే ఇస్తుంది, హెచ్చుతగ్గుల్ని మాత్రం అణిచేస్తుంది. వాటి నుంచి విశిష్టోష్ణం లెక్కగడితే అంతే సంగతులు. 2007లో బుస్సి, డొనాడియో, పరినెల్లో ఇచ్చిన వి-రీస్కేల్ థర్మోస్టాట్ వాడండి.

చిరాకులు లేకపోలేదు. లెక్క జరిగే పెట్టె అంచు దాటిన ప్రొటీన్ రెండు ముక్కలై కనిపిస్తుంది. గ్రోమాక్స్‌లోనే ఉన్న ట్రజ్‌కాన్వ్ అనే పనిముట్టుతో అతికించడం నేటికీ ఒక్కసారికి కుదరదు నాకు. కొత్త రకం పొటెన్షియల్ (పరమాణువుల మధ్య బలాల సూత్రం) మీరే రాసుకోవాలంటే లాంప్స్ అనే ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్ నయం.

ఇంకోటి, ఏదైనా తేడా వస్తే ఫేటల్ ఎర్రర్ అని పడేసి ఆగిపోతుంది. రాత్రి రెండింటికి అది చూస్తే ఒళ్లు మండేది. అందులోని నాలుగు లైన్లు చదవడం నాకు మూడో ఏడాదిలో గానీ అలవాటు కాలేదు.